అమ్మానాన్నలతో ఫ్లోరిడా సెలవులు: థీమ్ పార్కులకు ఎన్ని రోజులు ఇవ్వాలి?

కొల్లేటి కుర్రవాడు (న్యూజెర్సీ):

సభ్యులందరికీ నమస్కారం. కైకలూరు దగ్గరి పల్లె నుంచి మా అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి మా ఇంటికి వచ్చారు. నాన్నగారికి 72 ఏళ్ళు, అమ్మకు 67. ఇక్కడి చలికి ఇద్దరూ నవంబరు నుంచే గడప దాటడం మానేశారు కాబట్టి, క్రిస్మస్ సెలవుల్లో అందరమూ వారం రోజులు ఫ్లోరిడా వెళ్ళాలనుకుంటున్నాము. రెండేళ్ళ క్రితం వాళ్ళు వచ్చినప్పుడూ వెళ్ళాము. అప్పుడు ఏడు రోజుల్లో నాలుగు రోజులు ఓర్లాండోలోని థీమ్ పార్కులకే సరిపోయాయి.

క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ నడుమ ఆ పార్కుల్లో ఎంత రద్దీ ఉంటుందో చూసినవారికి తెలుసు. పిల్లలు ఒక్కొక్క వరుసలో గంట, గంటన్నర నిలబడి, రెండు మూడు నిమిషాల సవారీ చేసి వచ్చేవారు. అంతసేపూ అమ్మానాన్నలు ఒక బల్ల దగ్గర, మా అందరి సంచులకూ స్వెట్టర్లకూ కాపలాగా కూర్చునేవారు. మూడో రోజు మధ్యాహ్నం నేను వెనక్కి వచ్చేసరికి నాన్నగారు బూట్లు విప్పి ఉన్నారు. నన్ను చూడగానే వాచిన పాదాలను గబగబా బల్ల కిందికి లాక్కున్నారు.

పిల్లల సరదాను నేను కాదనడం లేదు. అయితే మనవల ముఖాలు చూసుకోవాలని ఇంత దూరం వచ్చినవాళ్ళకు మనవల సంచులు అప్పగించి వెళ్ళడం నాకు తప్పుగా తోస్తోంది. ఈసారి థీమ్ పార్కులను ఒక్క రోజుకు కుదించి, మిగిలిన రోజులు దక్షిణాన హోమ్‌స్టెడ్‌లో దిగి, చిత్తడి నేలల ఎవర్‌గ్లేడ్స్ జాతీయ ఉద్యానవనం పరిసరాల్లో గడపాలని నా ప్రతిపాదన. నా భార్యా పిల్లలూ ఒప్పుకోవడం లేదు. సభ్యుల అభిప్రాయాలు కోరుతున్నాను.

మినపసున్ని (డాలస్):

మీ నాన్నగారి పాదాల సంగతి చదివి మనసు చివుక్కుమంది. అయినా మీరు చేసిన నిర్ణయంతో ఏకీభవించలేను. నిరుడు మేము మా అత్తగారిని అక్కడికే తీసుకువెళ్ళి, పార్కు గేటు దగ్గరే చక్రాల కుర్చీ అద్దెకు తీసుకున్నాము. 'నడవగలిగి ఉండి కుర్చీలో కూర్చుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు' అని ఆవిడ మొదట ససేమిరా అన్నారు. కుర్చీ నేనంటే నేను తోస్తానని మనవలు పోట్లాడుకోవడం మొదలయ్యాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. రాత్రి బాణసంచా చూస్తూ, 'మీ మామగారు ఉంటే ఎంత సంబరపడేవారో' అన్నారు. మామగారు పోయిన ఐదేళ్ళలో ఆయన పేరు ఎత్తి ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే.

పెద్దవాళ్ళకు చెట్లు, నీళ్ళు, గుళ్ళు తప్ప మరేవీ నచ్చవని మనమే తీర్మానించేస్తున్నాము. 'మాకేం వద్దు నాయనా, మీరు వెళ్ళి రండి' అని వాళ్ళు అంటారు. పార్కు ఇష్టమైనవారికి ఆ మాట అనుమతిలా వినిపిస్తుంది, మీలా ఇష్టం లేనివారికి ఫిర్యాదులా వినిపిస్తుంది. అసలు వాళ్ళను కూర్చోబెట్టి అడిగినవారు మనలో ఎంతమంది?

టాంపా వాసి:

పద్నాలుగేళ్ళుగా ఫ్లోరిడాలో ఉంటున్నవాడిగా రెండు విషయాలు చెప్పదలిచాను. మొదటిది, 'వెచ్చని చోటు' అన్న మాటను పూర్తిగా నమ్మవద్దు. డిసెంబరులో ఓర్లాండోలో పగటి వేడి 22, 23 డిగ్రీల సెల్సియస్ దాకా ఉన్నా, తెల్లవారుజామున 12, 13కు దిగుతుంది. ఉత్తరం నుంచి చలిగాలి తోసుకొస్తే అంతకంటే తగ్గుతుంది. న్యూజెర్సీ నుంచి వచ్చే మీకు అది వసంతకాలం, కైకలూరు వైపు నుంచి వచ్చిన మీ అమ్మగారికి మాత్రం మంకీ క్యాప్ కాలమే. హోమ్‌స్టెడ్ దాదాపు నాలుగు గంటల ప్రయాణం దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ కొంత నయం.

రెండవది, ఎవర్‌గ్లేడ్స్ చూడాలనుకుంటే మీరు ఎంచుకున్న కాలం సరైనదే. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ వానలు, దోమలు, పైగా తుఫానుల భయం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు తగ్గి, నీరు ఇంకి, జంతువులూ పక్షులూ మిగిలిన మడుగుల దగ్గరికి చేరతాయి. అంత దూరం వద్దనుకుంటే, ఓర్లాండోకు ఉత్తరాన గంటలోపు దూరంలో బ్లూ స్ప్రింగ్ అనే ఊట ఉంది. అందులోని నీరు ఏడాది పొడవునా 22 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి, చలికాలంలో నది నీరు చల్లబడగానే మానటీలు వందల కొద్దీ అక్కడికి వచ్చి తలదాచుకుంటాయి. ఏనుగుకు దగ్గరి చుట్టాలైన ఆ జీవాలు గడ్డీ నాచూ తిని బతుకుతాయి. చెక్కబాట మీద నిలబడి చూడవచ్చు, ఎక్కువ నడక లేదు. సెలవు రోజుల్లో వాహనాలు నిండిపోగానే గేటు మూసేస్తారు కాబట్టి తెల్లవారేసరికే అక్కడ ఉండాలి.

కొల్లేటి కుర్రవాడు:

మినపసున్ని గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. నేను ఎవర్‌గ్లేడ్స్ పేరు ఎందుకు ఎత్తానో మొదటే వివరించవలసింది. రెండేళ్ళ క్రితం చివరి రోజు, మయామీలో విమానం ఎక్కే ముందు, నాలుగు గంటల సమయం మిగిలితే ఎవర్‌గ్లేడ్స్‌లోని అన్హింగా అనే నడకబాటకు వెళ్ళాము. రానూపోనూ కలిపి మైలు కూడా లేని చదునైన దారి అది.

అక్కడి రాబందులు వాహనాల రబ్బరును పీకేస్తాయని కప్పుకోవడానికి పట్టాలు ఉంచుతారు. నేను తాడుతో తంటాలు పడుతుంటే నాన్నగారు నా చేతిలోంచి పట్టా లాక్కుని, చేపల లారీకి కట్టినట్టు నాలుగు మూలలూ బిగించి, రెండు నిమిషాల్లో ముడి వేశారు. మా అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది.

తరువాత నీటి అంచున వంగి, 'ఇది ఎటు పారుతోంది?' అని అడిగారు. ఒకప్పుడు ఓకీచోబీ సరస్సు పొంగి, పలుచని పొరలా, దాదాపు 60 మైళ్ళ వెడల్పున గడ్డి మధ్యనుంచి దక్షిణాన సముద్రం దాకా మెల్లగా నడిచేదని, కాలువలు తవ్వి చెరకు పొలాలు వేశాక అందులో సగమే మిగిలిందని బోర్డు చదివి చెప్పాను. ఆయన అక్కడి రంపపు గడ్డి అంచును వేలితో తడిమి, 'మన కిక్కిసలాగే ఉంది కానీ ఇది కోస్తుందిరా' అన్నారు. ఆపైన మన కొల్లేటిలో కలిసే బుడమేరు, తమ్మిలేరు, దాని నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు, అభయారణ్యానికి హద్దైన ఐదో కాంటూరు, ఒకటొకటిగా అన్నీ వచ్చాయి. 2006లో కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఆయన వాటా ఉన్న చెరువు కూడా పోయింది. ఆ సంగతి నాకు లెక్కల రూపంలో తెలుసు, ఆయన నోట అంతవరకూ వినలేదు. అప్పటికి ఎనిమిదేళ్ళున్న మా అమ్మాయి, 'నీకు కోపం రాలేదా తాతయ్యా?' అని అడిగింది. 'వచ్చింది. ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు దిగడం చూశాక కొంత తగ్గింది' అన్నారు.

పార్కుల్లో నాలుగు రోజులున్నా ఆయనకు ఒక్కసారి కూడా చెప్పేవాడిగా ఉండే వీలు దొరకలేదు. ఆ నీటి ఒడ్డున నాలుగు గంటలూ ఆయన చెబుతుంటే మేము విన్నాము. నా వాదన అంతా ఇదే.

మినపసున్ని:

చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. మీ నాన్నగారిని అక్కడికి తప్పకుండా తీసుకువెళ్ళండి, ఆ విషయంలో నాకు ఇక వాదన లేదు. కానీ ఒక్క మాట. మీరు రాసినదంతా నాన్నగారి గురించే. ఆ వారంలో మీ అమ్మగారికి ఏం నచ్చింది?

కొల్లేటి కుర్రవాడు:

మీ ప్రశ్నకు వెంటనే జవాబు రాయలేకపోయాను, ఎందుకంటే నాకు తెలియదు. నిన్న రాత్రి భోజనాల తరువాత అమ్మను అడిగాను. మొదట 'నాకేముందిరా, మీరు ఎటంటే అటే' అన్నది. మీ మాట గుర్తుకొచ్చి అక్కడితో వదలలేదు. కాసేపటికి, 'ఆ రాత్రి దీపాలూ బాణసంచా చూశాము కదా, ఆ రోజు బాగుంది' అన్నది. ఎందుకని మళ్ళీ అడిగితే, 'ఆ ఒక్కరోజే పొద్దున లేచి వంట చేయలేదు' అన్నది.

తక్కిన రోజులన్నీ, అన్హింగా బాటకు వెళ్ళిన రోజుతో సహా, ఆవిడ నాలుగున్నరకు లేచి ఆరుగురికి పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాల్లో సర్దింది. బయటి తిండి నాన్నగారికి పడదని ఆ పని ఎవరూ చెప్పకుండానే నెత్తిన వేసుకుంది. నేను మెచ్చుకుంటూ వచ్చిన ఆ నాలుగు గంటల్లో ఎక్కువసేపు ఆవిడ కారులోనే నిద్రపోయింది. ఇక్కడ అంతా రాసినవాణ్ణి, ఆ సంగతి మీరు అడిగేదాకా నాకు తట్టలేదు.

కాబట్టి మూడు రోజులు హోమ్‌స్టెడ్‌లో ఉంటాము. ఒక తెల్లవారుజామున టాంపా వాసి గారు చెప్పిన ఊటకు వెళతాము. రెండు సాయంత్రాలు, ఎండ దిగాక, అమ్మ కోసం దీపాలకూ బాణసంచాకూ కేటాయించాము, మొదటి సాయంత్రమే చక్రాల కుర్చీలు రెండు తీసుకుంటాము. పులిహోర నేనూ మా అమ్మాయీ కలుపుతాము. చింతపండు గుజ్జు ఇక్కడే ఉడికించి సీసాలో పెట్టుకు వెళ్ళవచ్చునని, పోపు మాత్రం అక్కడే వేయాలని అమ్మ చెప్పింది.