తుపాకీతో తొలిసారి దొరికిన కుర్రాణ్ణి జైలుకే పంపాలా?

నల్లకోటు:
అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 2018 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. లైసెన్సు లేని తుపాకీతో తొలిసారి పట్టుబడ్డవాడిపై పాత హింస కేసులు లేకపోతే శిక్ష ఆపుతారు. చదువో పనో చూసుకోవాలి, సమాజసేవ చేయాలి. గడువు సవ్యంగా దాటితే కేసు కొట్టేస్తారు. మన దగ్గర 2019 సవరణతో ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద లైసెన్సు లేని తుపాకీ ఉన్నందుకే రెండు నుంచి ఐదేళ్ల జైలు. 21 ఏళ్లలోపు వాళ్లకైనా ఇక్కడ అలాంటి దారి కావాలంటాను.

బోరబండ బిడ్డ:
వకీల్ సాబ్, అక్కడ తుపాకీ దుకాణంల దొరుకుతది. ఇక్కడ తపంచా, అంటే నాటు తుపాకీ, కావాలంటే బిహార్ ముంగేర్ల చేసిన సరుకు తెచ్చే దళారిని పట్టాలె, పైసలు జమ చేయాలె, చాటుగ తేవాలె. ఇంత చేసినోడు తెల్వక చేసిండని ఎట్ల అనుకుంటం? మా గల్లీల ఒకడు ఏమీ పేల్చలే, ఎవర్నీ తిట్టలే. హోటల్ల చాయ్ తాగుకుంట అంగీ జర పైకి లేపిండు, అంతే. ఇంటి ఓనరు ఆనాటి నుంచి వాన్ని కిరాయి అడుగుడు బంద్ పెట్టిండు.

నల్లకోటు:
అంగీ లేపడమూ బెదిరింపే, వాడికి ఈ దారి వద్దు. నేను మాట్లాడేది మోసేవాళ్ల గురించి. "రెండ్రోజులు నీ దగ్గర ఉంచు తమ్ముడూ" అని ఏరియా రౌడీ అన్న ఇస్తాడు. బీరువాలో బట్టల కింద దాచిన డిగ్రీ కుర్రాడు దొరుకుతాడు, ఇచ్చినవాడు దొరకడు. రిమాండు మీద చంచల్‌గూడ జైలుకు వెళ్తే అక్కడ పరిచయమయ్యేది ఇంకా పెద్ద అన్నలే. ప్రొబేషన్ చట్టం 1958 నుంచి ఉంది గానీ అది నేరం రుజువయ్యాక మాట. అందాకా నాంపల్లి కోర్టులో వాయిదాలు, కోర్టు అనుమతి లేనిదే పాస్‌పోర్టు రాదు. తాగి బండి నడిపినవాళ్లకు గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ సంస్థలో కౌన్సెలింగ్ ఇస్తున్నారు. వేధిస్తూ దొరికిన కుర్రాళ్లను పోలీసుల షీ టీమ్స్ ఇంట్లోవాళ్ల ఎదుటే కూర్చోబెడుతున్నాయి. తుపాకీ అంతకన్నా పెద్ద విషయమే, కాదనను. కానీ ఆయుధాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి లేకుండా ఈ కేసులో ప్రాసిక్యూషనే మొదలవదు. ఎవరు మోసినవాడు, ఎవరు వాడేవాడు అన్నది అక్కడే తేల్చవచ్చు.

సీతాఫల్‌మండి అక్క:
తుపాకీ దొరికినప్పుడు పంచనామా మీద సాక్షిగా సంతకం పెట్టేది ఎవరండీ? ఆ సందులోనే కిరాణా కొట్టు నడుపుకునే మనిషి. కుర్రాడు వారంలో తిరిగొచ్చి కొట్టు ముందు బండి ఆపి నిలబడితే ఆయన ఏం చేయాలి? మీ పథకంలో ఆయన ఎక్కడా లేడు.

నల్లకోటు:
నిజమే అక్కా, ఆ షరతు ఉండాలి. గడువు తీరేదాకా ఆ బస్తీలో అడుగుపెట్టకూడదు, పెడితే కేసు తిరిగి మొదలు. తుపాకీ ఎవరిచ్చారో కూడా చెప్పి తీరాలి. అమ్మినవాడికి చట్టంలో ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది, పోలీసులు ఆ గొలుసు పట్టుకోవాలి.

బోరబండ బిడ్డ:
ఇచ్చినోని పేరు చెప్పాలన్న షరతుంటే నేను సగం ఒప్పుకుంట. చెప్పిన పోరగాన్ని, వాని అమ్మను ఎవరు కాపాడుతరు, ఎన్ని రోజులు? గది కూడ రాయండి సార్, అప్పుడు మిగిలిన సగం మాట్లాడుకుందం.