ఈ వారం సమస్య: కదలకుండఁ జేరెఁ గాన్ససునకు

నిర్వాహకుడు: ఏఐ ఏజెంట్లకు, అంటే మన తరఫున పనులు చేసే ప్రోగ్రాములకు, ఈమధ్య ఒక పనిముట్టు (టూలు) తగిలిస్తున్నారు. ఐపీ అడ్రస్ (నెట్‌లో మన ఫోనుకో కంప్యూటరుకో ఉండే నంబరు) ఇస్తే దేశం, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, టైమ్ జోన్, నెట్‌వర్క్ పేరు తెచ్చిపెడుతుంది. ఈసారి సమస్య దాని మీదే; 'గాన్ససు' అంటే అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం. ఛందస్సు ఆటవెలది, ఆఖరి పాదం నాది. మిగతా మూడూ మీవి.

పూరణ 1 (రిటైర్డ్ తెలుగు మాస్టారు)

ఊరు తెలియనట్టి యుపకరణములను
దేశమధ్య మనుచుఁ దెచ్చి నిలుప
దొరకనట్టి దొంగ దుప్పటిలోనుండి
కదలకుండఁ జేరెఁ గాన్ససునకు

నిర్వాహకుడు: మాస్టారూ, ఆ దుప్పటి దగ్గర పకాలున నవ్వాను. ఊ-యు, దే-దె, దొ-దు, యతులన్నీ కుదిరాయి. తెలియనివారి కోసం ఈ కాన్సస్ కథ చెప్పాలి. అమెరికా అని మాత్రమే తెలిసి, ఊరు తెలియని అడ్రస్‌లను మాక్స్‌మైండ్ అనే కంపెనీ దేశం నడిబొడ్డున పెట్టేది. అసలు మధ్యబిందువు ఉత్తర అక్షాంశం 39.8333, పశ్చిమ రేఖాంశం 98.585 దగ్గర. దశాంశాలు తీసేసి దాన్ని 38, 97గా సర్దారు. ఆ చోట పాట్విన్ ఊరి దగ్గర ఒక పొలం ఉంది. 60 కోట్లకు పైగా అడ్రస్‌లు ఆ పొలానికి చుట్టుకున్నాయి. దొంగ ఫోన్లని, మోసాలని, ఆత్మహత్య బెదిరింపులని పోలీసులు, అంబులెన్సులు ఏళ్ల తరబడి ఆ ఇంటి తలుపు కొట్టారు. 2016లో సంగతి బయటపడ్డాక, బిందువును విచిటా నగరానికి పడమట ఒక చెరువు మధ్యకు జరిపారు.

ఒక్క మాట మాత్రం: చోటు చూపేది ఉపకరణానికి కాదు, అడ్రస్‌కు. పద్యంలో సర్దుకుపోవచ్చు, ప్రోగ్రాములో కుదరదు.

పూరణ 2 (బీటెక్ అమ్మాయి)

విజయవాడ పిల్ల వీపీయెనుం దాల్చి
చిన్న తెరను జూచెఁ జిత్రకథలు
మంచమందె యొదిగి మంత్రమేసినయట్లు
కదలకుండఁ జేరెఁ గాన్ససునకు

మాస్టారు: అమ్మా, 'మంత్రమేసిన' గ్రామ్యం. 'మంత్రించినట్టులు' అను. గణాలు త, భ, చెడవు. వీపీఎన్‌ని 'వీపీయెను' చేయడం నాకు నచ్చింది, వ్యాకర్తలు అరిస్తే అరవనీ.

బీటెక్ అమ్మాయి: సరే మాస్టారూ, మార్చేశా. వీపీఎన్ అంటే మన అడ్రస్‌ను దాచి వేరే చోటి అడ్రస్ చూపే ముసుగు. టూలు ఆ ముసుగు చోటునే చూపిస్తుంది, పిల్ల చోటును కాదు.

పూరణ 3 (బ్యాంకు ఉద్యోగి)

ఇల్లు దాటనట్టి నంబరుకును నూరు
వెదకి వెదకి బాటు విసుగుఁ జెంది
ఊహ పటముఁ దెరచి యొక్కటే గెంతిడి
కదలకుండఁ జేరెఁ గాన్ససునకు

నిర్వాహకుడు: భావం గట్టిది ('బాటు' అంటే ఆ ఏజెంటే). 10తోనో 192.168తోనో మొదలయ్యేవి ఇంటి రౌటర్ లోపల తిరిగే నంబర్లు. మీ ఇంట్లోదే మా ఇంట్లోనూ ఉంటుంది, దానికి ఊరెక్కడిది? అలాంటివాటికి టూలు 'చోటు లేదు' అని తిప్పికొట్టాలి. లేకపోతే ఏజెంటు తనకు తోచిన ఊరు అల్లేస్తుంది. కానీ మొదటి పాదంలో ఇ-న యతి పడలేదండీ. పైగా మూడో పాదంలో గెంతినవాడు నాలుగో పాదంలో కదలకుండా ఎలా చేరాడు?

మాస్టారు: ఇలా దిద్దుకోండి:

ఇల్లు దాటనట్టి యింటి సంఖ్యకు నూరు

మూడోది:

ఊహ పటముఁ దెరచి యున్నచోటనె యుండి

బ్యాంకు ఉద్యోగి: గెంతు పోయిందని బాధగా ఉంది మాస్టారూ. అర్థం కోసం ఒప్పుకుంటున్నా.

పూరణ 4 (కాకినాడ సభ్యుడు)

ఎచట నుంటి ననఁగ నేజెంటు తనదైన
సర్వరెచటొ చూచి చక్కఁ జెప్పె
కాకినాడ మనిషి కాఫీ ముగియలేదు
కదలకుండఁ జేరెఁ గాన్ససునకు

నిర్వాహకుడు: ఇదే ఈ వారం మేలిమి పూరణ. 'నేనెక్కడున్నాను?' అని అడిగితే ఏజెంటు అడ్రస్ ఖాళీగా పెట్టి టూలును పిలుస్తుంది. టూలు పిలిచినవాడి అడ్రస్ చూస్తుంది. పిలిచింది మనిషి కాదు, ఎక్కడో డేటా సెంటర్‌లో నడుస్తున్న ఏజెంటు! ఇలాంటి సర్వర్లు వర్జీనియాలో ఎక్కువ, కాన్సస్ అనడం సమస్య కోసమే. యూజర్ అడ్రస్ విడిగా అందితేనే టూలును పిలవాలి, లేదంటే ఊరేదని మనిషినే అడగాలి.

బీటెక్ అమ్మాయి: ఫోన్ డేటాతో ఇంకో తంటా. నేను ఉండేది రాజమండ్రిలో, వెబ్‌సైట్లు నన్ను చెన్నైలో చూపిస్తాయి. మొబైల్ కంపెనీలు వేలమందిని ఒకే అడ్రస్ వెనక కూర్చోబెడతాయి మరి. ఊరి పేరుతో పాటు 'ఇన్ని కిలోమీటర్ల తేడా ఉండొచ్చు' అని టూలు చెబుతుంటే, ఏజెంటు దాన్ని మింగేసి ఊరొక్కటే చెబుతోంది.

మాస్టారు: కాకినాడ బాబూ, 'కాఫీ ముగియలేదు' అన్న చోట పద్యం లేచి కూర్చుంది. ఇంతకీ కాఫీ చల్లారిందా?

కాకినాడ సభ్యుడు: చల్లారింది మాస్టారూ. ఆ రోజు వాతావరణం అడిగితే ఏజెంటు మంచు కురుస్తుందంది. కిటికీలోంచి చూస్తే మా ఆవిడ వడియాలు ఆరబెడుతోంది.