ఎదురెదురుగా ఢీకొనే లెక్క: ఒక వేగమే కీతో కలుస్తోంది, ఎందుకు?

బ్రాడీపేట ఫస్టియర్:
ఘర్షణ లేని బల్ల మీద 2 కిలోల దిమ్మె 6 మీ/సె వేగంతో వెళ్తోంది. ఎదురుగా 1 కిలో దిమ్మె 3 మీ/సె తో వస్తోంది. ప్రత్యావస్థాన గుణకం (ఢీకొన్నాక దూరమయ్యే వేగం ÷ ముందు దగ్గరయ్యే వేగం) 0.5. ఢీకొన్నాక వేగాలెంత? నాకు 4.5, 6 వస్తున్నాయి, కీలో 1.5, 6. గతిజశక్తి కూడా చూశాను: ముందు 40.5 జౌళ్లు, తర్వాత 38.25. పెరగలేదు కదా, మరి తప్పెక్కడండీ?

మొగల్రాజపురం:
ఆ 6 కాకతాళీయంగా కలిసింది, నమ్మకండి. ద్రవ్యవేగం (ద్రవ్యరాశి × వేగం) 12 + 3 = 15 అనీ, సాపేక్ష వేగం 6 − 3 = 3 అనీ వేసినట్టున్నారు. రెండు చోట్లా గుర్తు తారుమారైంది. గుంటూరు నుంచి విజయవాడ వైపు ప్లస్ అనుకుంటే, అటు నుంచి వచ్చేది −3. మొత్తం ద్రవ్యవేగం 12 − 3 = 9. దగ్గరయ్యే వేగం 6 − (−3) = 9; దూరమయ్యే వేగం అందులో సగం.
2వి₁ + వి₂ = 9
వి₂ − వి₁ = 4.5
మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 3వి₁ = 4.5. వి₁ = 1.5, వి₂ = 6.
తెలిసిన వేగాల గుర్తులు బొమ్మ గీసేటప్పుడే బాణాల పక్కన రాసెయ్యండి. తెలియని వి₁, వి₂ లకు మాత్రం ముందే మైనస్ తగిలించొద్దు. దిమ్మె వెనక్కి తిరిగితే లెక్కే మైనస్ చూపిస్తుంది.

కృష్ణలంక:
శక్తి పెరిగితే లెక్క తప్పని ఖాయం, పెరగనంత మాత్రాన ఒప్పని కాదు. ప్రచోదనం, అంటే ద్రవ్యవేగంలో వచ్చే మార్పు, చూడండి. మీ జవాబులో పెద్ద దిమ్మె ద్రవ్యవేగం 3 తగ్గితే చిన్నదానికి 9 పెరిగింది. న్యూటన్ మూడో నియమం దీన్ని ఒప్పుకోదు. కీ జవాబులో 9 పోయింది, 9 వచ్చింది.

అరండల్‌పేట:
ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, సమీకరణాలు రాస్తూ కూర్చోలేం. రెండూ అతుక్కుపోతే వచ్చే వేగం ముందు కట్టండి: 9/3 = 3. అదే ద్రవ్యరాశి కేంద్రం వేగం, ఢీకొన్నా మారదు. పెద్దది దానికన్నా 3 ఎక్కువతో వచ్చింది; గుణకం 0.5 కాబట్టి అందులో సగం, 1.5 తక్కువతో పోతుంది. చిన్నది 6 తక్కువతో వచ్చింది, 3 ఎక్కువతో పోతుంది. వెనకాల ఉండే దిమ్మె 3 దాటకూడదు కాబట్టి 4.5 చూడగానే అనుమానం రావాలి. ఒకే సరళరేఖ మీద ఢీకొంటేనే ఇది నడుస్తుంది.

బ్రాడీపేట ఫస్టియర్:
గుణకం 1 అయినా ఇదే పద్ధతా?

అరండల్‌పేట:
అదే. పెద్దది 0, చిన్నది 9. శక్తి మళ్లీ 40.5 వస్తుంది, చూసుకోండి.