చదరంగంలో కారో-కాన్ రక్షణ (1.ఈ4కు సీ6తో బదులివ్వడం) ఆడినప్పుడు నాలుగో ఎత్తుకే హెచ్4 వస్తే నల్లవారి పథకం ఏమిటి?

ప్రశ్న (బరంపురం, గంజాం జిల్లా): పెద్దలకు నమస్కారం. మొన్న మా ఊళ్లో జరిగిన ర్యాపిడ్ (తక్కువ వ్యవధి) పోటీలో మా అమ్మాయి నల్లపావులతో ఆడింది. 1.ఈ4 సీ6 2.డీ4 డీ5 3.ఈ5 శకటు ఎఫ్5 అయ్యాక ఎదుటి కుర్రవాడు 4.హెచ్4 ఆడాడు. ఆమె హెచ్5 తోసింది, 5.శకటు డీ3తో శకట్లు మారాయి, అతను మంత్రితో తీసుకున్నాడు, ఆమె ఈ6 ఆడగానే రెండో శకటును జీ5లో నిలిపాడు. అక్కడినుంచి ఆమెకు ఊపిరాడలేదు, చివరకు ఆట డ్రా అయింది. హెచ్5 తోయడమే పొరపాటా?

జవాబు (పర్లాకిమిడి): కాదండీ, అది మంచి ఎత్తే. అక్కడ హెచ్5కు బదులు అలవాటు కొద్దీ ఈ6 ఆడి ఉంటే 5.జీ4 శకటు ఈ4 6.ఎఫ్3 శకటు జీ6 7.హెచ్5తో శకటు చిక్కిపోయేది, బదులుగా సీ2 బంటు ఒక్కటే దక్కేది. నల్లబంట్లు సీ6, డీ5, ఈ6 అనే తెల్లగళ్లలో నిలుస్తాయి కనుక తెల్లగళ్ల శకటు మారిపోవడం నల్లవారికే మేలు. జీ5 గడి తెల్లవారి వశమైన మాట నిజమే గానీ, హెచ్5 బంటు వల్ల జీ4 తోయడం వారికి కష్టమై, ఎఫ్5లో నల్లగుర్రం స్థిరంగా కూర్చోగలుగుతుంది. ఏడో ఎత్తుకు శకటు ఈ7 ఆడి, మార్పిడిలో గుర్రంతో తీసుకుంటే అది ఎఫ్5కు ఒక్క గెంతు దూరంలోనే ఉంటుంది. లేదా మంత్రి ఏ5తో రాజుకు షా చెప్పి, ఆపై ఏ6కు వచ్చి డీ3లోని మంత్రితో మార్పిడికి పిలవాలి. మంత్రులు పోతే ఆ ఒత్తిడిలో సగం పోతుంది.

జవాబు (రాయగడ): వ్యవధి తక్కువైన ఆటల్లో పిల్లలకు ఇంత సిద్ధాంతం బరువని నా అభిప్రాయం. మూడో ఎత్తుకే సీ5 నేర్పండి. 1961 ప్రపంచ విజేత పోటీలో అప్పటి విజేత తాల్ మీద మాజీ విజేత బోత్విన్నిక్ ఆ ఎత్తు ఆడి, కిరీటాన్ని తిరిగి గెలుచుకున్నాడు.

జవాబు (పర్లాకిమిడి): రాయగడవారి సూచన గౌరవించదగినదే అయినా నేను ఒప్పుకోలేను. సీ5 తరువాత తెల్లవారు బంటును తీసుకుంటే, దాన్ని రాబట్టడానికి సాధారణంగా ఈ6 ఆడవలసి వస్తుంది. అప్పుడు సీ8 శకటు లోపలే ఉండిపోతుంది. ఫ్రెంచ్ రక్షణను (1.ఈ4కు ఈ6తో బదులివ్వడం) వదిలి కారో-కాన్ ఎంచుకునేదే ఆ శకటును బయటకు తీయడానికి కదా! అదే 1961 పోటీలో తాల్ ఈ హెచ్4ను కూడా ప్రయోగించాడు. బోత్విన్నిక్ హెచ్6 ఆడి, జీ4కు శకటును డీ7కు వెనక్కి తీశాడు. అదీ ఆడదగినదే, కానీ అక్కడ శకటు హెచ్7కు వెళితే తెల్లవారు ఈ6కు తోసి ఇచ్చే బంటు బలి ప్రమాదకరం. బరంపురం వారు అమ్మాయి చేత హెచ్5 వరుసనే, ముఖ్యంగా మంత్రి ఏ5, ఏ6 పథకాన్ని, ఒకసారి నల్లపావులతో, ఒకసారి తెల్లపావులతో ఆడించండి.