షార్లట్ లూకస్ పెళ్లి: ఆమె వ్యక్తిత్వంలోని లోపమా, కాలం పెట్టిన ఇబ్బందా?

చదువరి (ప్రశ్న):

జేన్ ఆస్టిన్ 1813లో ప్రచురించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ను ఇటీవల మళ్లీ చదివాను. మొదటిసారి చదివినప్పుడు మనసంతా నాయిక ఎలిజబెత్, నాయకుడు డార్సీల మీదే ఉండిపోయింది. ఈసారి మాత్రం ఎలిజబెత్ ప్రాణ స్నేహితురాలు షార్లట్ లూకస్ దగ్గరే ఆలోచన ఆగిపోయింది. ఆమె తెలివైనది, వివేకం గలదని రచయిత్రే పరిచయం చేస్తుంది. అటువంటి మనిషి, మూడు రోజుల వ్యవధిలో ముందు ఎలిజబెత్‌నూ తరువాత తననూ పెళ్లి చేసుకోమని అడిగిన కాలిన్స్ వంటి చర్చి మతగురువును, అతనిలో తెలివిగానీ మనసుకు నచ్చే గుణంగానీ లేవని ఎరిగి ఉండి కూడా, ఏమాత్రం తటపటాయించకుండా ఒప్పుకుంటుంది. ఆ కబురు విని ఎలిజబెత్ నిర్ఘాంతపోతుంది. పాఠకులమైన మనం కూడా ఎలిజబెత్ కళ్లతోనే షార్లట్‌ను చూడాలా? ఆమె వ్యక్తిత్వంలో లోపం ఉన్నట్టు నవల చెబుతోందా? ఈ నవలను శ్రద్ధగా చదివినవారు తమ అభిప్రాయం వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పాతసంచిక:

చదువరి గారూ, షార్లట్‌ను తప్పుపట్టే ముందు ఆమె చేతిలో ఏముందో చూడాలి. ఆమెకు 27 ఏళ్లు. తండ్రి సర్ విలియం ఒకప్పుడు మెరిటన్‌లో వ్యాపారం చేసి, ‘సర్’ బిరుదు వచ్చాక దాన్ని వదులుకున్న పెద్దమనిషి. సంతానం ఎక్కువ, పెద్దకూతురికి ఇవ్వడానికి ఆస్తి తక్కువ. పెళ్లి కుదిరిందని తెలిసిన వెంటనే ఆ ఇంట్లో జరిగినదాన్ని ఒక్కసారి మళ్లీ చదవండి. ఎలిజబెత్ తండ్రి బెన్నెట్ గారు ఇంకా ఎన్నేళ్లు బతుకుతారోనని షార్లట్ తల్లి లెక్కలు వేయడం మొదలుపెడుతుంది, ఎందుకంటే ఆయన తరువాత లాంగ్‌బోర్న్ ఎస్టేట్ వారసుడు కాలిన్సే. తాము ఒకటి రెండేళ్లు ముందుగానే విందులకూ నాట్యాలకూ వెళ్లవచ్చని చెల్లెళ్లు ఆశపడతారు. అక్క పెళ్లికాకుండానే ఉండిపోతుందేమోనన్న బెంగ తమ్ముళ్లకు తీరుతుంది. ఇంటిల్లిపాదీ ఆమె పెళ్లిని తమ బరువు దిగడంగానే చూశారు.

ఎలిజబెత్ స్థితి కూడా ఇంతకంటే గొప్పదేమీ కాదు. బెన్నెట్ గారు బతికి ఉన్నంతకాలం ఏటా 2,000 పౌండ్ల రాబడి ఉంటుంది. ఆ ఎస్టేట్ మగ వారసుడికే చెందాలన్న ఏర్పాటు వల్ల, ఆయన పోయాక తల్లికీ అయిదుగురు కూతుళ్లకూ కలిపి మిగిలేది 5,000 పౌండ్ల సొమ్ము. కాలిన్స్ చెప్పిన 4 శాతం వడ్డీ ప్రకారమే చూస్తే అది ఏటా 200 పౌండ్లు. పెళ్లి మాట ఎత్తుతూనే ఎలిజబెత్‌కు, ఆమె వాటా 1,000 పౌండ్లేనని, అదీ తల్లి తదనంతరమేనని అతను గుర్తుచేయనే చేస్తాడు. ఆస్తి లేని చదువుకున్న స్త్రీకి ఆనాటి ఇంగ్లండులో గవర్నెస్ (ధనికుల ఇంట్లో ఉండి పిల్లలకు చదువు చెప్పే) ఉద్యోగం తప్ప గౌరవప్రదమైన బతుకుతెరువు దాదాపు లేదు. పెళ్లి సుఖాన్ని ఇస్తుందో లేదో తెలియకపోయినా, లేమి నుంచి మాత్రం కాపాడుతుందన్నదే షార్లట్ ఆలోచన.

మరొక విషయం కూడా చెప్పాలి. 1802 డిసెంబరులో, 27వ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు, ఆస్తిపరుడైన హారిస్ బిగ్-విదర్ అడిగితే ఆస్టిన్ పెళ్లికి ఒప్పుకుని, మరునాడు ఉదయమే ఆ మాట వెనక్కి తీసుకుంది. కాదనడానికి ఎంత మూల్యం చెల్లించాలో ఆమెకు స్వయంగా తెలుసు. అందుకే షార్లట్‌ను ఆమె చులకన చేసి రాసిందని నేను నమ్మను.

గోదారిగట్టు:

పాతసంచిక గారు చెప్పిన ఆర్థిక పరిస్థితులను కాదనను. అయితే అవి షార్లట్ ఎందుకలా చేసిందో వివరిస్తాయే తప్ప, అది సరైనదని తేల్చవు. ఆమెను ఈ పెళ్లికి నడిపించినది అవసరమొక్కటే కాదు, ఆమెకు ముందు నుంచీ ఉన్న ఒక నమ్మకం కూడా. దాంపత్యంలో సుఖమన్నది పూర్తిగా అదృష్టం మీద ఆధారపడిన విషయమని, జీవితాంతం కలిసి ఉండబోయే మనిషి లోపాలు ముందుగా ఎంత తక్కువ తెలిస్తే అంత మంచిదని ఆమె నవల మొదట్లోనే ఎలిజబెత్‌తో అంటుంది. నవల నడక అంతా ఈ మాటకు ఇచ్చిన సమాధానమని నా అభిప్రాయం.

ఏటా 10,000 పౌండ్ల రాబడి ఉన్న డార్సీ మొదటిసారి అడిగినప్పుడు ఎలిజబెత్ తిరస్కరించడం మనందరికీ గుర్తుంటుంది. ఆమె మనసు మారడానికి కారణం డార్సీకి చెందిన పెంబర్లీ భవనం కాదు, అతని స్వభావం తెలిసిరావడం. ఆయనను నాలుగేళ్ల వయసు నుంచి చూస్తున్నాను, నన్నెప్పుడూ ఒక్క పరుషమైన మాట అనలేదని ఆ ఇంటి పనులన్నీ చూసే రేనాల్డ్స్ చెబుతుంది. ఎలిజబెత్ చెల్లెలు లిడియా, విక్హమ్ అనే సైనికాధికారితో లేచిపోయినప్పుడు అతని అప్పులు తీర్చి, పెళ్లి జరిపించి, ఆ సంగతి బయటపడకుండా చూసినది డార్సీ అని తరువాత తెలుస్తుంది. మనిషిని తెలుసుకోవడానికి సమయం పడుతుంది, ఆ తెలుసుకోవడమే పెళ్లికి పునాది అని ఆస్టిన్ ఇంత ఓపికగా చూపించాక, షార్లట్ దారిని సమర్థించడం నాకు సాధ్యం కాదు. జీవిత భాగస్వామిని నువ్వు గౌరవించలేకపోవడం చూసే దుఃఖం నాకు కలిగించవద్దని బెన్నెట్ గారు చివర్లో ఎలిజబెత్‌ను వేడుకుంటారు. షార్లట్ కోరి ఎంచుకున్నది, అలా గౌరవించలేని మనిషితో బతుకునే.

చదువరి:

ఇద్దరికీ ధన్యవాదాలు. గోదారిగట్టు గారూ, నాకొక సందేహం. కాలిన్స్ ఎటువంటివాడో షార్లట్‌కు పెళ్లికి ముందే తెలుసు కదా. అందానికీ వయసుకూ మోసపోయి, భార్య స్వభావం పెళ్లయ్యాక తెలుసుకున్నది బెన్నెట్ గారు. వీరిద్దరినీ ఒకే గాటన కట్టవచ్చా?

వెన్నెలపుట:

ఈ ప్రశ్నకు సమాధానం, పెళ్లయ్యాక షార్లట్ కాపురమున్న హన్స్‌ఫర్డ్ గురించిన అధ్యాయాల్లో ఉందని నేను భావిస్తున్నాను. ఎలిజబెత్ అక్కడికి వెళ్లినప్పుడు, స్త్రీలు కూర్చునే గది ఇంటి వెనుక భాగంలో ఉండటం చూసి ఆశ్చర్యపోతుంది. ముందువైపు ఉన్న భోజనాల గది ఇంతకంటే పెద్దది, కిటికీలోంచి కనిపించే దృశ్యం కూడా ఇంతకంటే బాగుంటుంది. కొద్ది రోజులకు కారణం అర్థమవుతుంది. కాలిన్స్ గది రోడ్డు వైపు ఉంది, వచ్చేపోయే బళ్లను చూస్తూ అతను అక్కడే పొద్దుపుచ్చుతాడు. భార్య గది కూడా అంత సందడిగా ఉంటే అతను అక్కడికే వచ్చి కూర్చునేవాడు. తోటపని ఆరోగ్యానికి మంచిదంటూ షార్లట్ అతన్ని వీలైనంతగా ప్రోత్సహిస్తుంది. అతను సిగ్గుపడవలసిన మాట అన్నప్పుడు చాలాసార్లు వినిపించనట్టే ఉండిపోతుంది.

బెన్నెట్ గారు కూడా భార్యను తప్పించుకోవడానికి గ్రంథాలయంలో తలుపు వేసుకునే మనిషే. ఇద్దరూ గదుల్లో తలదాచుకున్నవారే, కానీ వారి నడవడిలో ఎంతో తేడా ఉంది. ఆయన కన్నబిడ్డల ఎదుట భార్యను గేలిచేసి, ఆమెను వారి దృష్టిలో పలుచన చేస్తారు. లిడియాను అదుపులో పెట్టమని ఎలిజబెత్ ప్రాధేయపడినా పట్టించుకోరు. షార్లట్ మాత్రం భర్తను ఇతరుల ఎదుట ఒక్క మాటైనా తక్కువచేసి మాట్లాడదు, తన నిర్ణయానికి ఎవరి జాలీ అడగదు. తెలిసి ఒప్పుకున్నందుకు ఆమె పూర్తి బాధ్యత వహిస్తుంది. వ్యక్తిత్వాన్ని పెళ్లి నిర్ణయం ఒక్కదానితోనే కాక, పెళ్లి తరువాతి నడవడితో కూడా కొలవాలనుకుంటే, ఆమె బెన్నెట్ గారి కంటే ఎంతో పైన నిలుస్తుంది.

అయితే గోదారిగట్టు గారి ఆవేదనలో నిజం ఉంది. అంత తెలివి ఒక మనిషిని తప్పించుకుని బతకడానికి ఖర్చయిపోవడం నన్నూ బాధించింది. దానికంటే పెద్ద నష్టం స్నేహం విషయంలో జరిగింది. పెళ్లి కబురు తెలిసిన తరువాత తమ మధ్య ఇక మునుపటి చనువు ఉండదని ఎలిజబెత్ అనుకుంటుంది, ఆ మాట చాలావరకు నిజమవుతుంది. హన్స్‌ఫర్డ్‌లో, షార్లట్ ఇంట్లోనే డార్సీ వచ్చి పెళ్లి మాట ఎత్తితే, ఎలిజబెత్ ఆ సంగతి తన దగ్గరే దాచుకుని, ఇంటికి వెళ్లాక అక్క జేన్‌కు మాత్రమే చెబుతుంది. ఒకప్పుడైతే షార్లట్‌కు ఆ సాయంత్రమే తెలిసి ఉండేది.