ఇంట్లో కారు పనులకు ఏ జాక్, ఏ టూల్స్ తీసుకోవాలి?

ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వేయడం లాంటి పనులు ఇక ఇంట్లోనే చేసుకుందామనుకుంటున్నాను. నాది చిన్న హ్యాచ్‌బ్యాక్, బరువు 1,000 కిలోల పైచిలుకు.

అసలు టెన్షన్ జాక్ గురించే. కారుతో వచ్చిన సిజర్ జాక్ టైరు మార్చడానికి సరే గానీ, దాన్ని నమ్మి కారు కింద దూరే ధైర్యం నాకు లేదు. హైడ్రాలిక్ జాక్ అయినా సీల్ లీకైతే దిగిపోతుంది కాబట్టి ఎత్తిన కారును మోసి పట్టుకునే స్టాండ్లు ఎలాగూ కొంటాను. 2 టన్నుల ట్రాలీ జాక్ (చక్రాల మీద దొర్లే హైడ్రాలిక్ జాక్) సరిపోతుందా? 3 టన్నులదైతే మొయ్యడమే ఒక పని, పైగా కొన్ని జాక్‌లు ఎత్తుగా ఉండి నా కారు కిందకు దూరవేమో. స్టాండ్లలో పళ్లు ఉండి మెట్టు మెట్టుగా లేచే రకం మంచిదా, పిన్ను గుచ్చే రకమా?

100 ముక్కల సాకెట్ సెట్ చూస్తే ఆశ పుడుతుంది, కానీ అందులో చాలావరకు స్క్రూడ్రైవర్ బిట్లే. 10 నుంచి 21 మిల్లీమీటర్ల వరకు ఆరు మూలల సాకెట్లు విడిగా కొంటే నయమనిపిస్తోంది. పన్నెండు మూలలవి బిగుసుకుపోయిన బోల్టు తలను అరగదీసేస్తాయి కదా.

ఇంకొకటి, వీల్ నట్ల వరకే అయితే చవక టార్క్ రెంచ్‌ని (నట్లను సరిగ్గా కావలసినంత బిగువుకే బిగించే రెంచ్) నమ్మొచ్చా? వాడినవాళ్లు కాస్త చెప్పండి.