‘ఓవర్‌డ్రైవ్’ చిత్రంలో దొంగలు పాత కార్ల వెంట ఎందుకు పడతారు?

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం):
2017లో వచ్చిన ఈ చిత్రంలో, మార్సెయ్ నగరంలో అన్నదమ్ములిద్దరు 1937 నాటి బుగాటీని దొంగిలించి, ఆపైన 1962 నాటి ఫెరారీ 250 జీటీఓ కోసం ప్రాణాలొడ్డుతారు. కొత్త కార్లుండగా పాతవెందుకండీ?

జవాబు (గాజువాక):
250 జీటీఓలు 1962-64 మధ్య 36 మాత్రమే తయారయ్యాయి. 2018 వేలంలో వాటిలో ఒకటి 4.84 కోట్ల డాలర్లు పలికింది. పైగా అంత పాత కార్లలో, తాళంచెవిలోని చిప్‌ను గుర్తిస్తేనే ఇంజన్‌ను కదలనిచ్చే ఇమ్మొబిలైజర్ ఉండదు.

జవాబు (సీతమ్మధార):
నిజమే, కానీ దొంగిలించడం కంటే అమ్ముకోవడమే కష్టం. ప్రతి జీటీఓ ఛాసిస్ నంబరూ, చేతులు మారిన చరిత్రా సేకర్తలకు కంఠోపాఠం కనుక, దాన్ని బహిరంగంగా కొనేవారుండరు. కథ సంగతెలా ఉన్నా, కదిలే లారీలోంచి బుగాటీని దించే దృశ్యం మాత్రం పెద్ద తెరపైనే చూడాలండీ.